సుల్తాన్ బండికి హీట్ మీటరు

వేడిని కొలవడం మనిషి చాలా ఆలస్యంగా నేర్చుకున్నాడు. బరువుకి తూనికరాళ్ళు, పొడుగుకి మూరలు, ధాన్యానికి కుంచాలు ఎప్పటినుంచో ఉన్నాయి. వేడి దగ్గరకొచ్చేసరికి మాత్రం తల్లి తన చేతిని వెనక్కి తిప్పి పిల్లవాడి నుదుటి మీద పెట్టడమే కొలత. నేను తిరిగిన ఊళ్ళన్నిట్లోనూ తల్లులు అలాగే చేస్తారు. అరచెయ్యి కాయలు కాచి ఉంటుంది గనక దాన్ని నమ్మకూడదని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదే పని ఒక కారుకి చేసే మనిషిని చోడవరంలో చూశాను. ఆయన పేరు సుల్తాన్. బస్టాండు ఎదట ప్రయాణికుల్ని దింపి, అద్దె జేబులో వేసుకోకముందే బానెట్ మీద చెయ్యి తిరగేసి పెట్టి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం నిలబడేవాడు.

అది తొంభై నాలుగో సంవత్సరం. బస్టాండు ముందు ఆగేవన్నీ జీపులూ ట్రెక్కర్లూ. వాటి మధ్య సుల్తాన్ లాండ్‌మాస్టర్ కారు, కుర్రకారు గుంపులో చిక్కుకున్న ముసలి మునసబులా గుండ్రటి వీపుతో కూర్చునుండేది. యాభైలనాటి బండి. కోటపాడు వైపు ఒక రైసుమిల్లు యజమానిది. సుల్తాన్ తండ్రి అనకాపల్లిలో ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. ఆ పొగ పడక సుల్తాన్ చిన్నప్పుడే లారీ క్లీనరుగా వెళ్ళిపోయి, తిరిగి తిరిగి ఆ మిల్లు యజమాని దగ్గర డ్రైవరుగా కుదిరాడు. పెద్దాయన పోయాక కొడుకులు కొత్త కారు కొనుక్కుని, "ఇది నీ మాట తప్ప ఎవరి మాటా వినదు, నువ్వే ఉంచుకో" అన్నారట. అలా ఆయన ఒకరి డ్రైవరు నుంచి తన బండికి తనే యజమాని అయ్యాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మెడ కొంచెం నిటారుగా అయ్యేది.

బండికి దాహం ఎక్కువ. అందుకని సుల్తాన్‌కి ఆ చుట్టుపక్కల దేశమంతా నూతుల లెక్కలో తెలుసు. చీడికాడ వెళ్ళే దారిలో ఏ నూతి దగ్గర బొక్కెనకి తాడుంటుందో, దేవరాపల్లి వైపు ఏ ఇల్లాలు అడక్కుండానే బిందె ఇస్తుందో, ఎవరు కుక్కని వదులుతారో ఆయన చెప్పగలడు. దేశాల పటాలు రాజులు గీయించారని చదువుకున్నాం గానీ, దాహమేసినవాడు గీసిన పటమే దారి చూపిస్తుందని నా నమ్మకం.

సరే, బండి సంగతి. డాష్‌బోర్డులో ఇంజను వేడి చూపించే మీటరు ఉండాల్సిన గుంట, సుల్తాన్ చేతికి వచ్చేసరికే ఖాళీగా ఉంది. అందులోంచి ఎండాకాలం వేడిగాలీ, వానాకాలం చీమలూ వస్తుంటే, ఆయన భార్య కుబ్రా అయిపోయిన పౌడరు డబ్బా మూత ఒకటి ఇచ్చింది. గుంటకి సరిగ్గా సరిపోయింది. ఏళ్ళ తరబడి ఆ మూతే. మీటరు పని సుల్తాన్ చెయ్యి చేసేది.

అయితే బండి పరిగెత్తేటప్పుడు బానెట్ మీద చెయ్యి పెట్టడం ఎవరి తరమూ కాదు. అంతకు ముందు ఏడాది మాఘమాసంలో ఒక పెళ్ళికొడుకుని ఎక్కించుకుని దేవరాపల్లి వెళ్తుంటే దారిలో ఫ్యాన్ బెల్టు తెగిపోయింది. తెగినట్టు సుల్తాన్‌కి తెలియలేదు. నీళ్ళు మరిగి మరిగి, ఊరి పొలిమేరలో భజంత్రీలు ఎదురొచ్చే వేళకి రేడియేటరు మూత ఎగిరిపడి, బండంతా ఆవిరి కమ్మేసింది. పెళ్ళికొడుకు చెరకు ట్రాక్టరెక్కి ముహూర్తానికి చేరాడు. బాసికం మీద చెరకాకు అతుక్కునుండగానే తాళి కట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అప్పటినుంచీ జీపు డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని లాండ్‌మాస్టర్ దగ్గరకొచ్చేవారు.

"ఏటి సుల్తానన్నా, నీళ్ళు మరిగేయా? టీపొడి తెమ్మంటావా?"

"పాలు కూడా తెండిరా. మీ జీపుల్ని పిండితే అవీ రావు," అనేవాడు సుల్తాన్. పైకి నవ్వేవాడు గానీ, ప్రయాణికులు మాత్రం జీపుల వైపే వెళ్ళిపోయేవారు.

కుబ్రా నవ్వలేదు. పెళ్ళివారి ముందు భర్త తల దించుకు నిలబడ్డాడన్న సంగతి ఆమె చెవిన పడింది. ఆ వారమే ఒట్టు పెట్టించుకుంది. "ఇంకొక్కసారి ఈ బండి ఆవిరి కక్కిందంటే హరిబాబుకి తోలీయాల. మాటియ్యండి." హరిబాబు అంటే అనకాపల్లిలో పాత ఇనుము కొనే మనిషి. నెలకొకసారి వచ్చి లాండ్‌మాస్టర్ చుట్టూ తిరిగి, సంతలో మేకని చూసినట్టు పక్కలు తట్టి వెళ్ళేవాడు. సుల్తాన్ మాటిచ్చాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. బండి తుక్కుకి పోతే, ఈ వయసులో ఆయన మళ్ళీ ఎవరి జీపుకో డ్రైవరు కావాలి. అది తల్చుకుంటేనే ఆయనకి అన్నం సయించేది కాదు.

"బాబుగారూ, బండి బాగానే ఉన్నాది. రేడియేటరు కడిగించేను, బెల్టు కొత్తదేయించేను. నాకు తెలాల్సినదల్లా ఒక్కటే, మరిగే ముందు మరుగుతాదని తెలాల," అన్నాడు నాతో. "విశాపట్నం ఎల్తన్నాను, మీటరు కొనడానికి. వస్తారా?"

నాకు పనేమీ లేదు. కాళ్ళు ఒకచోట నిలవవు. వెళ్ళాను.

పాత సామాన్లు అమ్మే సందులో గణపతిరావు అనే ఆయన కొట్టు. ఆయన బల్ల మీద రెండు మీటర్లు పెట్టాడు. "ఇది కరెంటుది. తీగ లాగి బిగించీడమే, సులువు. అంకెల్నేవు, ఈ సివర సల్లన, ఆ సివర ఏడి. ఇది గొట్టంది. ఈ ఇత్తడి మొగ్గ ఇంజన్నీళ్ళలో ఉంటాది. లోపలున్న మందు ఏడెక్కి పొంగితే, ఈ సన్నగొట్టం ఎంబడి వచ్చి ముల్లు తిప్పుతాది. అంకెలున్నాయి. కానొకటి బాబూ, గొట్టం మడతపడిందా పీనుగే. కోసినా పీనుగే. అతుకెయ్యడం ఎవడివల్లా కాదు."

సుల్తాన్ కరెంటు మీటరుని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "నా బండిలో దీపాలేస్తే హారనుకి గొంతు పోతాది. బాటరీ అలాంటిది. రేత్తిరి దీపమేసేననుకో, ముల్లు కూడా పడుకుంటాది. అప్పుడు నానేటనుకోవాల, ఇంజను సల్లబడిందనా?"

"మరి గొట్టందే పట్టుకెళ్ళు."

"అంకెలు కూడా గావాల నాకు. ఏడి, సల్లన అంటే నా చెయ్యే సెప్తాది గదా."

గణపతిరావు గొట్టాన్ని పెద్ద చుట్టగా చుట్టి ఇస్తూ, "ఇంటికెళ్ళి మరిగేదాంట్లో ముంచి సూడు. వంద మీద నిలబడాల. నిలబడ్డాదా, నిజమే సెప్తన్నట్టు," అన్నాడు.

తిరుగు బస్సులో సందు లేదు. సుల్తాన్ ఆ చుట్టని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ గోడలా కట్టి కూర్చున్నాడు. పక్కన కూరగాయల గంపతో ఒకావిడ ఎక్కింది.

"సర్దుకో బాబూ, కూసింత."

"సర్దుకోనేనమ్మా. ఇది మడతపడకూడదు."

"అది మడతపడకపోతే నువ్వు మడతపడు!"

సుల్తాన్ నిజంగానే మోకాళ్ళు పైకి ముడుచుకుని, అనకాపల్లి దాటేదాకా అలాగే కూర్చున్నాడు.

చోడవరం ఇంకా రాకముందే చెరకు తోటల మధ్యనుంచి బెల్లం వాసన బస్సులోకి వచ్చింది. ఆ రోజుల్లో ఆ వాసన ఊరికన్నా ముందు ఎదురొచ్చేది. సుల్తాన్ ఒక్కసారిగా లేచి బస్సు ఆపించాడు. రోడ్డు పక్కనే ఆయన బాల్యస్నేహితుడు సత్యారావు బెల్లం వండే చోటు. పెద్ద ఇనప పెనం కింద చెరకు పిప్పి మంట భగభగలాడుతోంది.

"ఒరే సత్తిం, నీ పెనం మరుగుతందా?"

"మరక్కపోతే గడ్డ కడతాదేట్రా? ఏటా సేతిలోది, పాముపిల్లా?"

"హీట్ మీటరు. మరిగేదాంట్లో ముంచమన్నాడు."

"నా బెల్లంలో ఇత్తడి ముంచుతావా? కడిగి ముంచు. అనకాపల్లి యాపారి నాలిక మీదెట్టుకున్నాడంటే నీ ఇంజన్నూనెతో సహా పేర్లు సెప్తాడు."

పాకం ముదిరి, అడుగునుంచి పెద్ద పెద్ద బుడగలు బద్ధకంగా లేచి పగులుతున్నాయి. దించే వేళ. సుల్తాన్ ఇత్తడి మొగ్గని కడిగి ముంచాడు. ముల్లు లేచింది, వందని దాటింది, ఆగలేదు, నూట ఇరవై అంచుదాకా వెళ్ళి నిలబడింది.

సత్యారావు తొంగి చూశాడు. "నీ మీటరు అబద్దాలకోరురా. మరిగేది మరిగేదే గదా? వంద మీద ఆగమంటే అక్కడికెల్లిపోయిందేటి?"

మరిగేది మరిగేదే. ఆ మాట నాకూ న్యాయంగానే తోచింది. ఆ ప్రాంతంలో పుట్టినవాళ్ళకి 'మరగడం' అన్న మాట వినపడితే కళ్ళముందు కనిపించేది ఈ పెనమే. దాన్ని మించిన కాగుడు లోకంలో ఉందనుకోరు. పైగా నా నోటినిండా వేడి బెల్లం ఉంది.

"పాతది గదా, ముల్లు జారుంటాది," అన్నాడు సుల్తాన్. మొగ్గని పెనంలోనే ఉంచి, మీటరు రేకు అంచు విప్పి, అద్దం తీసి, ముల్లుని చెంచా కొసతో ఎత్తి సరిగ్గా వంద మీద కూర్చోబెట్టాడు. "ఇప్పుడు దారికొచ్చింది."

మర్నాడు బిగించాడు. ఇంజను తలలో మొగ్గ పెట్టాల్సిన రంధ్రానికి బిరడా ఉంటే విప్పి, నీళ్ళు కారకుండా మొగ్గ మర చుట్టూ నూలు చుట్టి తెల్లరంగు రాసి బిగించాడు. గొట్టం ఇంజను గదిలోంచి లోపలికి వచ్చేచోట రేకు కొయ్యకుండా పాత హవాయి చెప్పు ముక్కకి చిల్లుపెట్టి తొడిగాడు. మిగిలిన గొట్టాన్ని చిన్న చుట్ట చుడితే మడతపడుతుందని, అన్నం పళ్ళెమంత వెడల్పుగా చుట్టి కట్టాడు. కుబ్రా గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. పౌడరు డబ్బా మూత విప్పి ఆమె చేతికిస్తే, పైటచెంగుతో తుడిచి వంటింటి కిటికీలో పెట్టుకుంది.

ఆ తరువాత నెలరోజులు సుల్తాన్ అంత ఆనందంగా ఎప్పుడూ లేడు. ఎంత దూరం వెళ్ళొచ్చినా ముల్లు అరవై దగ్గరే. జీపు డ్రైవర్లని పిలిచి మరీ చూపించేవాడు. "సూడండ్రా, పసిగుంటలా పడుకునుంది." బానెట్ మీద చెయ్యి పెట్టడం మానేశాడు. చేతికన్నా అంకె గొప్పదని ఆయన నమ్మాడు. పుస్తకాలు చదివే నాలాంటివాళ్ళ జబ్బే అది.

ఎండలు ముదురుతుండగా పాడేరునుంచి కబురొచ్చింది. కుబ్రా తమ్ముడు అనస్ అక్కడ కరెంటాఫీసులో పని చేస్తున్నాడు. అతనికి కొడుకు పుట్టాడు. పాడేరంటే మాడుగుల దాటాక ఘాటీ ఎక్కాలి. లాండ్‌మాస్టర్ ఆ కొండెక్కి చాలా ఏళ్ళయింది.

"బస్సులో పోదాం," అంది కుబ్రా.

"మీటరుందిగా," అన్నాడు సుల్తాన్.

ఆమె "సరే, నానూ సూస్తాను. ఒట్టు గుర్తుందిగదా?" అంది. నేను కొండలు చూసి చాలా రోజులైందని వాళ్ళతో బయల్దేరాను. నేను ముందు, ఆమె వెనక సీట్లో, పక్కన పసివాడికి ఉయ్యాల గుడ్డా, డబ్బాలో మిఠాయి.

ఘాటీ మొదలయ్యాక మా ముందొక లోడు లారీ తగులుకుంది. దాన్ని దాటే చోటు లేదు. రెండో గేరులో పాకుతున్నాం. ముల్లు డెబ్బై, డెబ్బై అయిదు. సుల్తాన్ ఈలపాట అందుకున్నాడు. "సూసేరా బాబుగారూ, ఘాటీలో కూడా ఎనభై దాటనేదు."

వెనకనుంచి కుబ్రా, "ఆపండి," అంది.

"ఎందుకు?"

"ఇంజన్లో ఏదో కుతకుతలాడతంది. ఎసరు మరిగే ముందు మూతకింద సప్పుడు, అలాగ."

"ముల్లు ఎనభై కూడా నేదే! వందకి ఇంకా బోల్డు దూరం."

"ముల్లు సంగతి నాకు తెల్దు. ఎసరు సంగతి తెల్సు. ఆపండంటే!"

మలుపులో ఒక టీపాక కనిపిస్తే దాని పక్కన ఆపాడు. దిగి బానెట్ మీద పాత అలవాటుగా చెయ్యి తిరగేసి పెట్టబోయి, ఆనించకముందే వెనక్కి తీసుకున్నాడు. బానెట్ ఎత్తాడు. రేడియేటరు లోపల గుడగుడమంటోంది. ఆవిరి రాలేదు. ఇంకో మలుపు తిరిగి ఉంటే వచ్చేది.

సుల్తాన్ రోడ్డు పక్క రాతి మీద కూర్చుండిపోయాడు. ఆయన మొహం చూడలేక నేను లోయ వైపు తిరిగాను. "మీటరు అబద్దమే సెప్పింది," అన్నాడు చివరికి. "ఇంకేటుంది. ఇంటికెళ్ళేక హరిబాబుకి కబురెట్టీయ్."

కుబ్రా టీపాక దగ్గర నిలబడి పొయ్యి మీది నీళ్ళ వంక చూస్తోంది. పాక నడిపే పైడితల్లి వాటిలో ఇంకా టీపొడి వెయ్యలేదు. అక్కణ్ణుంచే అడిగింది.

"ఇంతకీ, మీరు దాన్ని దేన్లో ముంచి సూసేరు?"

"సత్తింగాడి పెనంలో."

"పెనంలోనా? రసం పోసినప్పుడా, పాకం దించేటప్పుడా?"

"దించేటప్పుడు. మరుగుతంది గదా."

కుబ్రా జాకెట్టు చెయ్యి పైకి లాగి ముంజేతి మీద నల్లటి మచ్చ చూపించింది. "ఇదేటి? మన పిల్ల ఇష్రత్ నా కడుపులో ఉన్నప్పుడు పాకం సిందిన మచ్చ. నీళ్ళు ఎన్నిసార్లు సిందలేదు, ఎర్రబడి ఊరుకున్నాయి. పాకం సర్మం పట్టుకుపోయింది. నీళ్ళకి ఎంత మంటెట్టినా అక్కడితో ఆగిపోతాయండీ. పాకం అలాగ కాదు, ముదిరేకొద్దీ ఏడి ఎక్కుతానే ఉంటాది. దాన్ని వంద అనుకుని ముల్లు ఎనక్కి తిప్పీసేరా?"

సుల్తాన్ ఒక్కసారిగా లేచాడు.

ఇంజను చల్లారేదాకా ఆగి, స్పానరుతో మొగ్గ విప్పాడు. మీటరు కూడా గుంటలోంచి తీసి, గొట్టం మడతపడకుండా పొయ్యి దగ్గరకి నేనూ ఆయనా పట్టుకొచ్చాం. నీళ్ళు తెర్లుతున్నాయి. మొగ్గ ముంచాడు. ముల్లు మెల్లగా లేచి ఎనభై దగ్గర నిలబడింది. పైడితల్లి ఎండుపుల్లలు ఇంకో గుప్పెడు పొయ్యిలోకి తోసింది. ముల్లు కదల్లేదు.

"అబద్దం సెప్పనేదు కుబ్రా," అన్నాడు సుల్తాన్. "దుకానంలో ఉన్నప్పుడు నిజమే సెప్పేది. నానే దానికి అబద్దం నేర్పేను." అని పడీ పడీ నవ్వడం మొదలుపెట్టాడు. "సత్తింగాడు, నానూ! ఇద్దరం కలిసి!"

అప్పుడే ముల్లు సరిచెయ్యాలని చెంచా అడిగాడు. కుబ్రా వద్దంది. పదేపదే కదిపితే ముల్లు వదులైపోతుందేమోనని ఆమె భయం. "మరిగే సోటు ఇప్పుడు తెలిసింది గదా. గుర్తెట్టుకుంటే సాలదా?"

"గుర్తంటే నాకాడుంది," అంది ఇదంతా వింటున్న పైడితల్లి. గూట్లోంచి తిలకం సీసా తీసి, పుల్లకి ఎర్రటి చుక్క పట్టించింది. "ఎక్కడెట్టమంటావు తల్లీ?"

"మరిగే సోట కాదు, దానికి కొంచెం ఇవతల. ఎసరు పొంగినాక మూత తీస్తే ఏటి లాభం."

మీటరు అద్దం మీద, ఎనభైకి కాస్త ఇవతల, తిలకం చుక్క పడింది. కొండమీద నీళ్ళు ఇంకొంచెం తక్కువ వేడికే మరుగుతాయని ఎక్కడో చదివాను. ఆ లెక్కన కింద ఊళ్ళో ఆ చుక్క మరింత జాగ్రత్త చెబుతుంది. బండికి మేలే గనక నేనేమీ మాట్లాడలేదు.

మళ్ళీ అంతా బిగించి, రేడియేటర్లోనూ వెంట తెచ్చిన డబ్బాల్లోనూ నీళ్ళు పోశాక కూడా సుల్తాన్ స్టీరింగు ముందు కూర్చోలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "మరి ఒట్టూ?"

"నానేటన్నాను? ఆవిరి కక్కితే అన్నాను. కక్కిందా?"

"నేదు."

"ఏటి బాబూ, మీరు సూసేరుగా, కక్కిందా?" అని నన్నూ అడిగింది.

"లేదమ్మా," అన్నాను.

"మరెందుకు నిలబడ్డారు? అక్కడ మేనల్లుడు ఎదురుసూస్తన్నాడు. బాబూ, మీరు ఎనక్కి రండి. ముందు నాను కూకుంటాను."

మిగిలిన ఘాటీ అంతా ఆమె రోడ్డు చూడలేదు, లోయలు చూడలేదు, ముల్లునే చూసింది. చుక్క దగ్గరకి వచ్చినప్పుడల్లా "ఆపండి" అనేది. సుల్తాన్ మారుమాట లేకుండా ఆపేవాడు. దిగి బానెట్ ఎత్తేవాడు. గాలి వీచేది, ఇంజను చల్లబడేది, ముల్లు వెనక్కి వచ్చేది, కదిలేవాళ్ళం. మా ముందు వెళ్ళిన లోడు లారీ పైమలుపులో ఆగి ఆవిరి కక్కుతుంటే, సుల్తాన్ బండి ఆపి వాళ్ళకొక డబ్బా నీళ్ళిచ్చాడు. ఆ ఇవ్వడంలో ఉన్న దర్జా నేను వర్ణించలేను. పొద్దుండగానే పాడేరు చేరాం. అనస్ కొడుకుని ఒళ్ళోకి తీసుకోగానే కుబ్రా చేతిని వెనక్కి తిప్పి వాడి నుదుటి మీద పెట్టి చూసింది. వాడికి జ్వరమేమీ లేదు, అలవాటంతే.

తిరిగొచ్చిన వారానికి హరిబాబు రానే వచ్చాడు. ఘాటీలో బండి ఆగిపోయిందన్న కబురు ఎవరో అనకాపల్లి దాకా మోసేశారు. సుల్తాన్ ఇంట్లో లేడు, దేవరాపల్లికి పెళ్ళివారిని తీసుకెళ్ళాడు. పోయినేడు ట్రాక్టరెక్కిన పెళ్ళికొడుకు తరపువాళ్ళే, చెల్లెలి పెళ్ళికి ఈ బండే కావాలని పట్టుబట్టారు. ఎగతాళికే పిలిచారో, ప్రేమకే పిలిచారో, మొత్తానికి పిలిచారు.

"ఏటమ్మా, సుల్తానన్న బండి ఇచ్చేత్తన్నాడంట గదా?" అన్నాడు హరిబాబు గుమ్మంలో నిలబడి.

"ఎవలు సెప్పేరు?" అని కుబ్రా లోపలికెళ్ళింది. వంటింటి కిటికీలోంచి పౌడరు డబ్బా మూత తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఇదిగో, బండిలోంచి తీసిన తుక్కు ఇదొక్కటే. పట్టుకెళ్ళు."

హరిబాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వ్యాపారి గదా, వేలితో తట్టి కూడా చూశాడు. ఈలోగా వీధి మలుపులో లాండ్‌మాస్టర్ హారను, దీపాలు వెయ్యలేదు గనక, నిండు గొంతుతో మోగింది.